ఆడవాళ్ళ వైపు తలుపు

ఇది ఎప్పుడో రాయాల్సింది. రాయకపోవడానికి మొదటి కారణం, నాకు రాత రాకపోవడం. మా వీధి బడి అరుగు మీద సాయంత్రాలు పెద్దవాళ్ళకి చదువు చెప్పేవారు. అక్కడ నేను అక్షరాలు దిద్దేనాటికి నాకు యాభై నాలుగేళ్ళు. రెండో కారణం నా కుడి చేయి. చూపుడు వేలూ మధ్యవేలూ మడతపడవు. కలాన్ని బొటనవేలికీ ఉంగరం వేలికీ మధ్య ఇరికించి రాయడం అలవాటవడానికి ఇంకో రెండేళ్ళు పట్టింది. మూడో కారణం మా మరిది. అతను తిరుగుతుండగా ఈ సంగతి కాగితం మీద పెట్టడం నాకు ఇష్టం లేకపోయింది. పోయినేడాది అతను కాలం చేశాడు. అతని మీద కోపంతో మాత్రం రాయడం లేదు.

అరవైల చివరి మాట. నాకు ఇరవై మూడో ఇరవై నాలుగో. విజయనగరం నుంచి భోగాపురం వైపు పోయే రోడ్డులో, పట్నానికి నాలుగు మైళ్ళ దూరంలో మా ఊరు. పల్లంలో వరి, మెట్టలో చోళ్ళు వేసుకునే ఇల్లు మాది. ఇంట్లో మా అత్త, నా పెనిమిటి, మరిది, నేను. మరిది పట్నంలో ఒక సినిమా హాల్లో గేటు మనిషి. మా వంశంలో కాలికి మట్టి అంటని పని చేసిన మొదటి మనిషి అతనే. ఖాకీ చొక్కా తొడుక్కుని సైకిలెక్కి వెళ్తుంటే మా అత్త ఏదో పని ఉన్నట్టు వీధిలోకి వచ్చి నిలబడేది. ఆ చొక్కా చూసే అతనికి సంబంధం కుదిరింది.

ఆ హాల్లో ఆడవాళ్ళ నేల వేరు. మగవాళ్ళకీ మాకూ మధ్య మనిషెత్తు గోడ, గోడ మీద గుడ్డ తెర. మా వైపు వెనక రెండు వరసల కుర్చీలు, ముందంతా నేల. పక్క సందులోకి ఒకే ఒక్క తలుపు. రెండు రెక్కలది, బయటికి తెరుచుకునేది. ఆట మొదలవగానే, మేనేజరు చెప్పినట్టు, మా మరిది బయటనుంచి ఆ రెక్కలకి గొలుసు తగిలించి తాళంకప్ప వేసేసేవాడు. లోపలి గడియ పీకేశారు. టిక్కెట్టు లేనివాళ్ళని తెలిసినవాళ్ళు గడియ తీసి రానిస్తున్నారని.

ఆ గొలుసంటే మాకు ఇష్టమే. ఈ మాట దాచడం న్యాయం కాదు. సందులో మగపిల్లలు తలుపు తోసి తొంగిచూసి ఈలలు వేసేవారు. “ఒరే తమ్ముడూ, గొలుసెట్టేసి ఎల్లు. ఎదవలు సూస్తన్నారు” అని మా వాళ్ళే అరిచేవారు. గొలుసు గలగలమన్నాక అందరం కాళ్ళు చాపుకుని కూర్చునేవాళ్ళం. కొంగులు సర్దుకోవడం మానేసేవాళ్ళం.

ఆ రోజు పగటి ఆట. ఊడుపులు అయిపోయి కాస్త తీరిక దొరికింది. మా ఊరి ఆడవాళ్ళం ఐదుగురం వెళ్ళాం. గాలి వస్తుందని నేను తలుపు పక్కనే కూర్చున్నాను. ఆట సగం దాటాక తెర మీద బొమ్మ గోధుమ రంగుకి తిరిగి, నడుమ బొబ్బలా లేచి, తెల్లబడిపోయింది. వెనక మిషను గదిలోంచి కమురు వాసన వచ్చింది. గోడకి అవతల ఎవడో “నిప్పు” అన్నాడు. వెంటనే మగవాళ్ళ వైపు తలుపులు ధనధనా తెరుచుకున్న చప్పుడు వినబడింది.

అందరికంటే ముందు మా తలుపు దగ్గరికి చేరింది నేనే. నెట్టాను. రెక్కల మధ్య చేయి పట్టేంత సందు వచ్చి ఆగిపోయింది. మరిదిని పిలిచాను. సందులో ఎవరూ లేరు. గొలుసు ఊరికే కొక్కేనికి తగిలించి పోయాడేమో, ఎత్తితే వస్తుందేమో అని కుడి చేయి అవతలికి పోనిచ్చి తడిమాను. కప్ప తగిలింది. ఇనుము చల్లగా ఉంది. చేయి వెనక్కి తీసుకునేలోగా వెనకనుంచి జనం వచ్చి పడ్డారు.

వాళ్ళు నెట్టిన కొద్దీ గొలుసు బిగిసింది. గొలుసుకీ చెక్కకీ మధ్య నా రెండు వేళ్ళు. “ఎనక్కెల్లండి, నా సెయ్యి” అన్నాను. ముందున్నదాన్ని చెబుతుంటే వెనకున్నవాళ్ళకి వినబడదు. వాళ్ళ వెనకున్నవాళ్ళు వాళ్ళని నెడుతున్నారు. నా మొహం తలుపు చెక్కకి ఆనిపోయింది. ఎవరిదో మోచెయ్యి నా వీపులో దిగింది. నోరు తెరిస్తే చెక్క మీది తారు నాలుకకి తగిలింది. ఎంతసేపో నాకు తెలియదు. తర్వాత ఒకామె రెండు నిమిషాలంది, ఇంకొకామె అన్నం వార్చేంతసేపంది.

మరిది తాళం మొల్లో పెట్టుకుని సందు చివర టీ తాగడానికి వెళ్ళాడు. గోల విని పరుగెత్తుకొచ్చాడు. కానీ లోపల నెడుతున్నంతసేపూ గొలుసు బిగుసుకుపోయి కప్ప తిరగలేదు. గొలుసు మీద వేళ్ళు చూశాడు, ఎవరివో తెలియలేదు. నా చేతి గాజులు చూసి పోల్చుకున్నాడట. “ఒదినా” అన్నాడు. ఆ గొంతు నాకు ఇప్పటికీ గుర్తే. చివరికి తన భుజంతో రెక్కని లోపలికి నెట్టి, గొలుసు వదులు చేసుకుని, కప్ప తీశాడు.

నిప్పంటూ ఏమీ లేదు. రీలు ముక్క కాలితే ఇసుక పోసి ఆర్పేశారు. పావుగంట తర్వాత మిగతా ఆట వేశారు. మా ఊరివాళ్ళు ఇద్దరు అది చూసే వచ్చారు. వాళ్ళని తప్పుపట్టను. టిక్కెట్టు కొనుక్కున్నారు.

కుర్చీల్లోంచి ఒక పంతులమ్మగారు దిగి వచ్చి తన చేతిగుడ్డ చింపి నా వేళ్ళకి కట్టారు. ఆమె పట్నంలో ఆడపిల్లలకి పాట నేర్పేవారు. శ్రీముఖలింగం గుడిలో తరాలుగా పాడిన ఇంటి మనిషి. “పెద్దాసుపత్రికి తీసుకెళ్ళండి” అన్నారామె. మేనేజరు వచ్చి రిక్షా పిలిచి తనూ ఎక్కాడు. దారిలో, “పెద్దాసుపత్రిలో పోలీసుంటాడమ్మా. ఆడమనిషివి, స్టేషను చుట్టూ ఏం తిరుగుతావు” అని, తనకి తెలిసిన ఒక కాంపౌండరు ఇంటికి తీసుకుపోయాడు. ఆ కాంపౌండరు ఎర్రమందు పోసి, వెదురు బద్ద పెట్టి కట్టి, రెండ్రోజుల్లో తగ్గిపోతుందన్నాడు.

మర్నాడు మేనేజరే మా ఇంటికి వచ్చాడు. ప్యాంటు వేసుకున్న మనిషి మా మంచం మీద కూర్చోవడం అదే మొదలు. మా అత్త గాబరా పడిపోయి, ఉన్న ఒక్క గాజుగ్లాసునీ రెండుసార్లు కడిగింది. వెనక మరిది చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“మందులూ అవీ మేం చూసుకుంటామమ్మా. ఇకమీదట మీ ఇంటి ఆడవాళ్ళకి ఆటకి టిక్కెట్టు అక్కర్లేదు” అన్నాడు మేనేజరు.

“అయితే నాను కుర్సీలో కూకుంతాను” అంది మా అత్త.

అతను నవ్వి, సంచిలోంచి రాసి ఉన్న కాగితం, సిరా అద్దిన డబ్బా తీసి గూట్లో పెట్టాడు. “ఏమీ లేదు. ఎవరి తప్పూ లేదని రాసుకున్నాం. ఎల్లుండి పొద్దున్న మనిషిని పంపుతాను. ఈలోగా నిశానీ వేసి ఉంచండి.” నిశానీ అంటే మాకు వేలిముద్ర. కుడిచేయి కట్టులో ఉంది కాబట్టి ఎడమ బొటనవేలు చాలన్నాడు.

నేను అప్పుడే వేసేసేదాన్ని. ఆ పూట జ్వరం ఎక్కువై లేవలేకపోయాను, అంతే. నా తెలివేమీ లేదు ఇందులో.

ఆ మర్నాటికి వేళ్ళు నేరేడుపండు రంగుకి తిరిగాయి. కట్టులోంచి వాసన మొదలైంది. మధ్యాహ్నం ఇంట్లో అందరూ పొలంలో ఉండగా పంతులమ్మగారు వచ్చారు. టిక్కెట్లిచ్చేవాణ్ణి అడిగి మా ఊరు తెలుసుకుని బస్సులో వచ్చారట. కట్టు వాసన చూసి మొహం చిట్లించారు. గూట్లో కాగితం ఉందని చెబితే తీసి, ముందు తనలో చదువుకున్నారు.

“నీకు చదివి చెప్పారా ఇది?”

“ఎవరి తప్పూ నేదని రాసారటండి.”

ఆమె పైకి చదివారు. కొన్ని మాటలు నాకు తెలియకపోతే విడమరిచి చెప్పారు. నేను ఆట మధ్యలో వద్దన్నా లేచి, నా అజాగ్రత్త వల్ల తలుపు సందులో చేయి పెట్టుకున్నానట. గేటు మనిషి యాజమాన్యం వారికి తెలియకుండా, వారు వద్దన్నా వినకుండా, తలుపుకి తాళం వేసి పని విడిచి పోయాడట. యాజమాన్యం వారికి ఏ బాధ్యతా లేదట. ఇకమీదట ఏ ఆఫీసులోనూ ఏ కోర్టులోనూ నేను మాట్లాడనట. కింద సాక్షి సంతకం.

“సాక్షి ఎవరండి?”

ఆమె చదివిన పేరు మా మరిదిది.

అతనికి చదువు రాదు. ఈ ఉద్యోగం కోసం తన పేరు ఒక్కటీ ముగ్గులా గీయడం నేర్చుకున్నాడు. ఎక్కడ సంతకం పెట్టమన్నా సంబరమే. తన మీద తనే సాక్షి సంతకం చేసి వచ్చాడు.

పంతులమ్మగారు కాగితం మళ్ళీ గూట్లో పెట్టారు. తర్వాత, “టిక్కెట్ల కిటికీ పక్కన పటం ఉంది కదా” అన్నారు.

ఎందుకు లేదు. ఆడవాళ్ళ కిటికీ పక్కన గోడకి అద్దాల పటం ఉండేది. పైన సింహాల తలలు, కింద సన్నటి రాత. మా వాళ్ళకి సింహమంటే సింహాద్రి అప్పన్నే. క్యూలో నిలబడి ఒక్కొక్కరూ దానికి దణ్ణం పెట్టేవాళ్ళం. ఎవరు మొదలుపెట్టారో గానీ పసుపు, కుంకం కూడా పూసేవాళ్ళం. అద్దం సగానికి సగం ఎర్రబడిపోయింది. ఒకసారి ఎవరో మందారపువ్వు కూడా దూర్చారు.

“అది దేవుడు కాదమ్మా. సర్కారు ముద్ర. అది హాలు లైసెన్సు. ఆట నడుస్తున్నంతసేపూ బయటికి పోయే ఏ తలుపుకీ తాళం వేయకూడదని అందులో ఇంగ్లీషులో రాసి ఉంది. అందరికీ కనబడేలా పెట్టాలని కూడా ఉంది. అందుకే పెట్టారు.”

“మీకు ముందే తెలుసాండి?”

“కుంకం పడకముందే చదివాను. చదివి, లోపలికెళ్ళి కూర్చున్నాను. మీరు దణ్ణం పెట్టారు, నేను చదివాను. తలుపు ఇద్దరికీ ఒకేలా మూసుకుంది.”

ఆమె చెప్పిన మిగతా మాటలు అప్పుడు నాకు సగమే అర్థమయ్యాయి. తర్వాత ఎంతమందికో చెప్పాను కాబట్టి ఇప్పుడు బాగా గుర్తు. జనాన్ని పిలిచి టిక్కెట్టు అమ్మినవాడికి, ఆ జనం క్షేమంగా బయటికి పోయే దారి ఉంచే బాధ్యత ఉంటుంది. లైసెన్సు ఎవరి పేరున ఉందో వాళ్ళది ఆ బాధ్యత, గేటు దగ్గర జీతగాడిది కాదు. దెబ్బ తగిలినవాళ్ళు పెద్దాసుపత్రికి పోయి ఎలా తగిలిందో చెబితే వాళ్ళు పుస్తకంలో రాయాలి. తర్వాత ఎవరేం మాట్లాడినా ఆ రాత ఉంటుంది. చదివి వినిపించకుండా దేనిమీదా నిశానీ వేయకూడదు.

“నాను సెప్తే మా మరిది పని పోతాదండి.”

“ఈ కాగితం మీద వేలు వేసినా పోతుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు చూపిస్తారు” అన్నారామె. “నేను కూడా చూశానని ఎక్కడ చెప్పమంటే అక్కడ చెబుతాను. కానీ చేయి నీది. నేను నీ బదులు చెప్పలేను.” బస్సు వేళయిందని లేచారు.

దీపాలు పెట్టకముందే అందరూ వచ్చారు. నేను చెప్పాను. ఎలా చెప్పానో తెలియదు, జ్వరంలో ఉన్నాను. మరిది గూట్లోంచి కాగితం తీసి గుమ్మంలో వెలుతురికి పట్టుకుని అటూ ఇటూ తిప్పాడు.

“ఇందల నా పేరే కాదేటి ఉన్నాది?”

“నీ పేరు కింద ఉన్నాది. నీ తప్పని పైన ఉన్నాది.”

“మేనేజరలాగ రాయడొదినా. పండక్కి నాకు సొక్కా ఇచ్చినాడు.”

మా అత్త నా మంచం పట్టె మీద కూర్చుంది. “ఆ పంతులమ్మకేటి. బస్సెక్కి వచ్చింది, బస్సెక్కి ఎలిపోయింది. ఈ ఇంట్ల ఉండేది నువ్వు. ఒక్క వేలు ఒత్తితే అరిగిపోతాదేటే?”

“అదొట్టి వేలు కాదత్తా.”

“సదూకున్న మాటలు ఈ పూటే వచ్చేసాయా నీకు?” నా ఎడమ చేయి తన ఒళ్ళోకి తీసుకుంది. అలా పట్టుకునే నాకు గంజి పట్టింది. మంచి మనిషే. కానీ గంజి అయిపోయాక కూడా చేయి వదలలేదు. బొటనవేలిని తన వేళ్ళతో రుద్దుతూ ఉంది, ముద్ర తేటగా పడాలన్నట్టు. నేను బొటనవేలిని గుప్పిట్లోకి మడిచాను. ఆమె విప్పింది. మళ్ళీ మడిచాను.

నా పెనిమిటి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. “మావా, నువ్వేటంతావు?” అన్నాను.

“నాకేటి తెలుస్తాది. నీ ఇష్టం” అన్నాడు. ఆ ఇంట్లో నీ ఇష్టం అంటే చెప్పింది చెయ్యమని.

మరిది కాగితం మడిచాడు. “రాసింది ఏదైనా కానీ ఒదినా. నువ్వు ఒత్తితే నన్ను రేపట్నుంచి పనిలోకి రమ్మన్నాడు. ఒత్తకపోతే ఆ సొక్కా ఇప్పేసి రమ్మన్నాడు. పిల్లనిస్తామన్నోళ్ళకి నానేటి సెప్పాల?” నా కట్టు వైపు చూడలేక నేలకేసి చూస్తున్నాడు. “ఆ దినం నువ్వున్నావని తెలిస్తే టీకి ఎల్లుదునేటి?”

నాది కాక ఇంకొకరి చేయి అయితే ఫరవాలేదా అని అడగాలనిపించింది. అడగలేదు. అతనికి ఇరవై ఏళ్ళు. గొలుసు వేయమన్నారు, వేశాడు. టీకి వెళ్ళొద్దని ఎవరూ చెప్పలేదు. నన్ను తలుపు లోపల నొక్కినట్టే అతన్నీ ఎవరో వెనకనుంచి నెడుతున్నారు. అతను నన్ను నెడుతున్నాడు. మా అత్త నా చేయి పట్టుకుని ఉంది. ఆ గదికి తలుపు తీసే ఉంది, చింతచెట్టు కనిపిస్తోంది, గాలి వస్తోంది. అయినా నాకు ఊపిరి ఆడలేదు.

ఒత్తినా ఒత్తకపోయినా అతని మెడ మీదికే వస్తుందని నాకు అర్థమైంది. వాళ్ళకి కాలేదు. అయ్యేలా చెప్పడం నా చేత కాలేదు. కాగితం మళ్ళీ గూట్లోకి పోయింది. మనిషి వచ్చేలోగా మనసు మార్చుకుంటానని అందరూ అనుకున్నారు. నిజం చెప్పాలంటే నేనూ అలాగే అనుకున్నాను.

మర్నాడు పొద్దున్న లేవగానే కట్టు కింద చర్మం పగిలి ఉంది. దాంతో ఒకటి తేలిపోయింది. ఆసుపత్రికి పోక తప్పదు. పోతే ఎలా తగిలిందని అడుగుతారు. అడిగితే ఏదో ఒకటి చెప్పక తప్పదు. ఎవరికీ చెప్పకుండా రోడ్డెక్కాను. అర మైలు నడిచాక వెనకనుంచి సైకిలు గంట వినిపించింది. నా పెనిమిటి. “ఎక్కు” అన్నాడు. పెద్దాసుపత్రి గేటు దగ్గర దింపి, సైకిలు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు. లోపలికి రాలేదు.

గుమ్మం పక్క బల్ల దగ్గర ఒకాయన లావుపాటి పుస్తకంలో రాస్తున్నాడు. కట్టు చూసి ముక్కు మీద రుమాలు పెట్టుకున్నాడు. “ఎలా తగిలింది?”

జారిపడ్డానంటే ఒక్క మాటలో అయిపోయేది. “సినిమా హాల్లో ఆడోళ్ళ తలుపుకి ఎలపట గొలుసెట్టి కప్ప ఏసారండి. లోపల పొగొచ్చింది. గొలుసు తీద్దునని సెయ్యెడితే జనం తోసీసారు” అన్నాను.

“ఎవరు వేశారు?”

“ఏసినోడు మా మరిదండి. ఏయమన్నోడు మేనేజరండి. రెండూ రాయండి.”

ఆయన గబగబా రాసి సిరా డబ్బా నా వైపు జరిపాడు. నేను ఎడమ చేయి కొంగులోనే ఉంచుకున్నాను.

“ముందల సదవండి బాబూ.”

“నువ్వు చెప్పిందే రాశానమ్మా.”

“నాను సెప్పిందే సదవండి.”

వెనక వరసలో ఎవరో విసుక్కున్నారు. ఆయన నన్ను ఎగాదిగా చూసి చదివాడు. సినిమా హాలు తలుపులో చేయి పడి దెబ్బ తగిలింది, అని ఉంది. గొలుసు లేదు. కప్ప లేదు. మేనేజరు లేడు. మా మరిదీ లేడు.

నేను మొదటినుంచి మళ్ళీ చెప్పాను, ఒక్కొక్క మాటా, ఆయన కలం ఆగేదాకా ఆగి. ఈసారి నాలుగు వరసలు అయింది. చదవమన్నాను. చదివాడు. మేనేజరు అన్న మాట దగ్గర గొంతు తగ్గించాడు. అక్కడ మరోసారి చదవమన్నాను. చదివాడు. అప్పుడు ఎడమ చేయి బయటికి తీసి, బొటనవేలు సిరాలో అద్ది, ఆయన చూపించిన చోట ఒత్తాను.